సెట్టు కింది నోరు

తాడిపత్రి చుట్టుపక్కల ఊళ్లలో పెద్దవాళ్లు పళ్ల సెట్టు కట్టించుకుంటే దానికి కారణం ఎక్కువగా తిండే. రాగి సంగటికి పళ్లు అక్కర్లేదు, ముద్ద తుంచి పులుసులో అద్ది మింగితే సరిపోతుంది. ఉగ్గానిలో బొరుగులు నానే ఉంటాయి. జొన్న రొట్టె దగ్గరికి వచ్చేసరికి కష్టం మొదలవుతుంది. వేయించిన చెనిక్కాయలు, మాంసం ముక్క ఇక దూరమే. చెనిక్కాయ పంట మీద బతికిన మనిషి ఆ గింజనే కొరకలేకపోవడం చిన్న లోటు కాదు. కాబట్టి కొడుకో కూతురో పూనుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి సెట్టు కట్టిస్తారు. ఇంటికొచ్చాక దాని సంగతి అడిగేవాళ్లు తక్కువ, దాని కింద నోరు ఏమవుతోందో చూసేవాళ్లు ఇంకా తక్కువ. ఈ అధ్యాయమంతా ఆ నోటి గురించే.

పళ్లు ఎందుకు పోతాయో ముందు క్లుప్తంగా చూద్దాం. తాడిపత్రి ఉన్న అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున కురిసే వాన 550 మిల్లీమీటర్లకు అటూఇటూ. వాన చాలని చోట బోరు లోతుకు దిగుతుంది. లోతున రాతి పొరల్లో నిలిచిన నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. మన దేశంలో దాని వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించి తొలిసారి వైద్య పత్రికలో వివరంగా అచ్చయింది 1937లో, అదీ నెల్లూరు జిల్లా పల్లెల గురించే. 1990లలో సత్యసాయి మంచినీటి పథకం వచ్చేదాకా అనంతపురం జిల్లాలోనూ వందల పల్లెలు బోరు నీళ్లతోనే గడిపాయి. ఈనాటి ముసలివాళ్ల పళ్ల మీద కనిపించే గోధుమరంగు చారలు, గుంటలు చాలావరకు ఆ నీళ్ల గుర్తులే. అయితే ఫ్లోరైడ్ మచ్చలు వేస్తుంది, పెళుసు చేస్తుంది కానీ పళ్లను ఊడగొట్టేది ముఖ్యంగా చిగుళ్ల జబ్బు, పుచ్చు. పొగాకు నమలడం, బీడీ, చక్కెర జబ్బు చిగుళ్ల జబ్బుకు తోడవుతాయి. పుచ్చిన పన్నును నిలబెట్టడం కంటే పీకించుకోవడం చవక. అలా ఒక్కొక్కటే పోయి చివరికి బోసినోరు మిగులుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 60 ఏళ్లు దాటినవారిలో నూటికి 23 మందికి నోట్లో ఒక్క పన్ను కూడా లేదు.

ఇక అసలు విషయం. సహజమైన పన్ను ఎముకలోకి నేరుగా దిగగొట్టి ఉండదు. వేరుకూ ఎముకకూ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల సందు ఉంటుంది. ఆ సందులో వేల నారలు పన్నును ఎముకకు వేలాడదీసి పట్టుకుంటాయి. మనం కొరికినప్పుడు పన్ను కిందికి నొక్కుకుంటుంది, నారలు బిగుసుకుంటాయి, ఆ నారల ద్వారా బరువు ఎముక మీద లాగుడుగా పడుతుంది. ఎముకకు ఈ లాగుడు కావాలి. అది తగులుతున్నంత కాలం ఎముక తన గట్టును నిలుపుకుంటుంది. పన్ను పీకగానే నారలు పోతాయి, లాగుడు పోతుంది. ఆ ఎముకకు ఇక పని ఉండదు.

సెట్టు పెట్టాక బరువు మళ్లీ వస్తుంది కానీ అది వేరే రకం బరువు. ఇప్పుడు నొక్కుడు పడేది ఎముక మీద పరచుకున్న చిగురు మీద, అంగిలి మీద. ఆ పొర మందం ఒకటి రెండు మిల్లీమీటర్లు. అంగిలి మీద, దవడ గట్టు మీద ఉన్న పొర కాస్త గట్టిదే, తిండి రాపిడిని తట్టుకోవడానికి తయారైందే. అరికాలి చర్మానికి ఉన్న ఓర్పు మాత్రం దానికి లేదు, గంటల తరబడి నొక్కి ఉంచితే అందులోని సన్నని రక్తనాళాలు చదునవుతాయి. విస్తీర్ణం లెక్క చూస్తే తేడా ఇంకా తెలుస్తుంది. ఒక్కో దవడలో పళ్లన్నీ ఉన్నప్పుడు వేళ్ల చుట్టూ ఉన్న నారల పొర మొత్తం సుమారు 45 చదరపు సెంటీమీటర్లు. సెట్టు ఆనుకునే చోటు పై దవడలో సుమారు 23, కింది దవడలో 12 మాత్రమే. పై సెట్టుకు అంగిలి అంతా ఆధారం. కింది సెట్టు గుర్రపు నాడా ఆకారంలో ఉండే సన్నని గట్టు మీద, నాలుక ఒకవైపు, బుగ్గ ఒకవైపు నెడుతుండగా నిలబడాలి. పళ్లున్న మనిషి ఎంత బలంగా కొరకగలడో అందులో నాలుగో వంతో ఐదో వంతో సెట్టుతో సాధ్యం. డాక్టరు చేసిన సెట్టులో లోపమేమీ లేకపోయినా ఇంతే. కింద ఉన్న మెత్తని పొర మోయగలిగిన బరువు అంతే.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా అనుకోవాలి. సెట్టు యాక్రిలిక్‌తో చేసింది, కట్టించుకున్న రోజు ఏ ఆకారంలో ఉందో ఐదేళ్ల తర్వాతా అదే ఆకారంలో ఉంటుంది. నోరు అలా ఉండదు. తాడిపత్రి బండలు పరిచే మేస్త్రీలకు ఇది చెప్పనక్కర్లేదు. బండ కింద మట్టి ఒకచోట దిగితే బండ వంగదు, ఊగుతుంది, బరువంతా మిగిలిన మిట్ట మీద పడుతుంది. సెట్టు కింద ఎముక అరిగినప్పుడు జరిగేది అచ్చంగా ఇదే. ఈ అధ్యాయంలో చెప్పబోయే జబ్బుల్లో చాలావాటికి మూలం అక్కడే ఉంది.

కొత్త సెట్టు పెట్టిన ఒకటి రెండు రోజుల్లో పుండు పడటం మామూలు. అంచు ఎక్కడో ఒక నూలుపోగంత ఎక్కువైతే చాలు, నాలుక కదిలినప్పుడల్లా అక్కడ ఒరుసుకుంటుంది. మిరియం గింజంత పుండు, మధ్యలో పసుపు కలిసిన తెలుపు, చుట్టూ ఎర్రటి గీత. డాక్టరు ఆ అంచును సన్నగా అరగదీస్తే నాలుగైదు రోజుల్లో మానిపోతుంది. మానడానికి మందు కన్నా ముఖ్యం ఆ రాపిడి ఆగడం. చాలామంది ఇంట్లో ఆకురాయితోనో బ్లేడుతోనో తామే గీకుతారు. గీకిన చోట కరుకుదేలి రెండో పుండు పడుతుంది, సెట్టు పట్టు కూడా పోతుంది.

చెనిక్కాయల సంగతి ఇక్కడే చెప్పాలి. వేయించిన పప్పు నమిలినప్పుడు మెత్తగా మారకుండా గట్టి పలుకులుగా విరుగుతుంది. కింది సెట్టు కాస్త లేచిన క్షణంలో ఆవగింజంత పలుకు ఒకటి దాని కిందికి జారుతుంది. మనిషి నములుతూనే ఉంటాడు. ప్రతి నములుడుకూ ఆ పలుకు చిగుట్లోకి దిగుతుంది, కింద ఎముక, పైన యాక్రిలిక్, మధ్యలో రెండు మిల్లీమీటర్ల పొర. సెట్టు తీసి చూస్తే చిగురు మీద పలుకు ఆకారం అచ్చు పడి ఉంటుంది. నోరు తడిగా ఉంటే ఆ పలుకు కడుక్కుపోతుంది, ఎండిపోతే అక్కడే కూర్చుంటుంది. పప్పును ఊరిబిండిగా నూరుకుంటే ఈ బాధ ఉండదు, రుచికీ లోటు ఉండదు.

తడి మాట వచ్చింది కనుక లాలాజలం గురించి చెప్పుకోవాలి. పై సెట్టును పట్టి ఉంచేది దానికీ అంగిలికీ మధ్య ఉన్న పలుచని లాలాజలపు పొర. రెండు తడి గాజుపలకలు అంటుకున్నప్పుడు పనిచేసే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. లాలాజలం చిగురును జారుడుగా ఉంచి రాపిడి తగ్గిస్తుంది, సూక్ష్మజీవుల్ని అదుపులో పెడుతుంది. ముసలితనంలో వాడే బీపీ మాత్రలు, నిద్ర మాత్రలు, మానసిక వ్యాధుల మందుల్లో చాలావాటితో నోరు ఎండుతుంది. చక్కెర అదుపు తప్పినా ఎండుతుంది. పైగా ఏప్రిల్, మే నెలల్లో మన ఎండ. పొలంలోనో బండల పాలిష్ ఫ్యాక్టరీలోనో పొద్దంతా ఉండి నీళ్లు తక్కువ తాగే మనిషికి సెట్టు పట్టు వదులుతుంది, చిగురు మండుతుంది. అతడు సెట్టును నిందిస్తాడు. నీళ్లు తాగితే సగం సర్దుకునే బాధకు కొత్త సెట్టు కట్టించుకున్నా ఉపయోగం ఉండదు. నోరు ఎండటానికి మాత్రలే కారణం అనిపిస్తే వాటిని సొంతంగా ఆపకూడదు, రాసిచ్చిన డాక్టరుకు చెప్పాలి.

నొప్పి పెట్టే జబ్బును ఎవరైనా పట్టించుకుంటారు. సెట్టు వల్ల వచ్చే జబ్బుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది మాత్రం నొప్పి పెట్టదు. పళ్ల డాక్టరు దగ్గర ఇలాంటి సంభాషణ సాధారణం:

“ఎన్నేండ్లాయె అవ్వా సెట్టు పెట్టుకుని?”

“ఆరేండ్లు నిండె నాయనా. నొప్పేం లేదు, బాగనే ఉండాది.”

“రాత్రి తీసి పెడతావా?”

“యాడ తీసేది! మనవలు చూస్తారని అట్లే పడుకుంటా.”

సెట్టు తీయిస్తే అంగిలి కనిపిస్తుంది. ఎర్రగా, మెరుస్తూ, వాచినట్టు. ఆ ఎరుపుకు హద్దు ఉంటుంది, సెట్టు అంచు ఎక్కడ ముగుస్తుందో సరిగ్గా అక్కడే ఆగుతుంది. దాని అవతల మామూలు గులాబీ రంగు. సెట్టును తిప్పి లోపలి వైపు గోటితో గీస్తే తెల్లటి జిగురు గోటికి అంటుకుంటుంది. దాంట్లో బ్యాక్టీరియాతో పాటు క్యాండిడా అనే శిలీంధ్రం కోట్లలో ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న చాలామంది నోళ్లలోనూ క్యాండిడా ఉంటుంది, ఏ హానీ చేయదు. సెట్టు కింద దానికి అనుకూలమైన చోటు దొరుకుతుంది. అక్కడికి కొత్త లాలాజలం సరిగా చేరదు, గాలి తగలదు, తిండి పిండి పులిసి ఆమ్లం తయారవుతుంది. యాక్రిలిక్ నున్నగా కనిపించినా లోపలి వైపు సన్నని గరుకు, రంధ్రాలు ఉంటాయి. క్యాండిడా ముందు సెట్టు మీద కాపురం పెడుతుంది, అక్కడి నుంచి అంగిలిని రేపుతుంది. అందుకే నోటికి మాత్రమే మందు వేసి సెట్టును వదిలేస్తే రెండు వారాల్లో జబ్బు మళ్లీ మొదటికొస్తుంది.

1962లో న్యూటన్ అనే వైద్యుడు ఈ జబ్బును మూడు రకాలుగా విడదీశాడు, ఇప్పటికీ డాక్టర్లు అదే వాడుతున్నారు. మొదటి దాంట్లో అంగిలి మీద ఎర్రని చుక్కలు, రెండో దాంట్లో సెట్టు కింద అంతా ఎరుపు, మూడో దాంట్లో అంగిలి మధ్య బుడిపెలు లేచి గరుకుగా మారుతుంది. మొదటి రెండూ సెట్టు శుభ్రం చేసి, రాత్రి తీసి పెట్టి, అవసరమైతే శిలీంధ్రపు మందు వాడితే పూర్తిగా తగ్గుతాయి. మూడోదాంట్లో బుడిపెలు మిగిలిపోవచ్చు, కొందరికి వాటిని కోసి తీయాల్సి వస్తుంది. చక్కెర జబ్బు ఉన్నవాళ్లలో మూడింటిలో ఏదైనా త్వరగా వస్తుంది, నిదానంగా పోతుంది.

రాత్రి తీయాలన్న మాట వినేవాళ్లు తక్కువ. వాళ్ల ఇబ్బంది నాకు అర్థమవుతుంది. మనవలు నవ్వుతారేమోనని, కోడలి ముందు చిన్నతనమని సెట్టుతోనే పడుకునేవాళ్లు ఎందరో ఉన్నారు. కానీ ఇది నోటితో ఆగే వ్యవహారం కాదు. నిద్రలో నోట్లోని తడి కొద్దికొద్దిగా ఊపిరితిత్తుల్లోకి జారుతుంది, దాంతో పాటు సెట్టు మీది సూక్ష్మజీవులూ వెళ్తాయి. జపాన్‌లో 85 ఏళ్లు దాటిన 524 మందిని మూడేళ్లపాటు గమనించి 2015లో ఒక అధ్యయనం ప్రచురించారు. సెట్టు పెట్టుకునే నిద్రపోయేవాళ్లకు న్యుమోనియా ముప్పు రెండు రెట్లకు పైగా ఉన్నట్టు అందులో తేలింది. సిగ్గు వల్ల జరుగుతున్న నష్టం ఇంత ఉన్నప్పుడు ఆ సిగ్గును పోగొట్టాల్సిన బాధ్యత ఇంట్లోవాళ్లదే.

ఇప్పుడు ఎముక దగ్గరికి వద్దాం. పన్ను పీకిన మొదటి ఏడాదిలోనే గట్టు బాగా తగ్గిపోతుంది. ఆ తర్వాత వేగం తగ్గుతుంది కానీ అరుగుదల ఆగదు. నార్డిక్ దేశాల పరిశోధకురాలు ఆంట్యే టాల్‌గ్రెన్ పూర్తి సెట్టు వాడేవాళ్లను పాతికేళ్ల పాటు ఎక్స్‌రేలతో వెంబడించి 1972లో ఫలితాలు ప్రచురించారు. పాతికేళ్లు గడిచినా ఎముక అరుగుతూనే ఉంది. అదీ పై దవడతో పోలిస్తే కింది దవడ ముందుభాగంలో దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ. ఎంత అరుగుతుందనేది మనిషిని బట్టి చాలా మారుతుంది. ఆధారం ఎక్కడ తక్కువో అరుగుదల అక్కడే ఎక్కువ కావడం వల్ల అందరూ అనే మాట ఒకటే, “పై సెట్టు నిలబడుతుంది, కింది సెట్టు నిలబడదు” అని.

పై దవడ గట్టు పైకీ లోపలికీ కుంచించుకుపోతుంది, కింది గట్టు కిందికీ వెలుపలికీ పరచుకుంటుంది. ముక్కుకూ గడ్డానికీ మధ్య దూరం తగ్గి గడ్డం ముందుకు వస్తుంది, పెదాలు లోపలికి ముడుచుకుంటాయి. పెదాల మూలల్లో చర్మం మడతపడి అక్కడ లాలాజలం నిలుస్తుంది. ఆ తడిలో మళ్లీ క్యాండిడా చేరి మూలలు పగులుతాయి. విటమిన్ లోపం అనుకుని మాత్రలు మింగినా తగ్గని పగుళ్లలో కొన్ని ఇలా సెట్టు ఎత్తు తగ్గడం వల్ల వచ్చినవే. రక్తహీనత, బి విటమిన్ల లోపం కూడా కారణాలే కనుక రెండూ చూపించుకోవాలి. ఎముక మరీ అరిగిపోతే కింది పెదవికి వెళ్లే నరం బయటపడే రంధ్రం గట్టు అంచుకే వచ్చేస్తుంది. అప్పుడు సెట్టు ఆ నరాన్ని నేరుగా నొక్కుతుంది. కరెంటు షాక్ కొట్టినట్టు నొప్పి, లేదా పెదవి తిమ్మిరి.

పై పళ్లన్నీ పోయి కింద ముందరి ఆరు పళ్లు మాత్రం మిగిలినవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. బలం అంతా ముందు పళ్ల మీదే పడి పై సెట్టు ముందుభాగాన్ని పొడుస్తుంటుంది. అక్కడ ఎముక పోయి దాని స్థానంలో వేలితో నొక్కితే ఊగే మెత్తని కండ మిగులుతుంది. టాల్‌గ్రెన్ వ్యాసం వచ్చిన పత్రికలోనే అదే 1972లో కెల్లీ అనే అమెరికా వైద్యుడు దీన్ని వివరించాడు. మిగిలిన పళ్లను కాపాడుకోవాలి నిజమే, కానీ వెనక దవడ ఖాళీగా వదిలేసి పైన మాత్రం సెట్టు పెట్టుకుంటే ఇలా అవుతుంది. కింద వెనక పళ్లు కూడా పెట్టించుకోవాలి.

సెట్టు లూజైనా వదలకుండా ఏళ్ల తరబడి వాడితే అంచు తగిలే చోట బుగ్గ లోపల చర్మం మడతలు మడతలుగా పెరుగుతుంది. రాపిడి నుంచి తనను కాపాడుకోవడానికి ఒళ్లు వేసుకునే కండ అది. చిన్నదైతే అంచు తగ్గించగానే కుంచించుకుపోతుంది, ముదిరి నారబారిపోతే కోసి తీయాలి. ఇది క్యాన్సర్ కాదు. అయినా మన దగ్గర ఆకువక్కతో పొగాకు నమిలేవాళ్లు ఎక్కువ కాబట్టి ఒక నియమం గట్టిగా పెట్టుకోవాలి: సెట్టు తీసేసినా, సరిచేయించినా రెండు వారాల్లో మానని పుండు, తెల్లమచ్చ, ఎర్రమచ్చ, గడ్డ ఏదైనా సరే ఆసుపత్రిలో చూపించాలి. “సెట్టు కొట్టుకుంది” అనుకుని నెలలు గడపడం వల్ల క్యాన్సర్ ముదిరే ప్రమాదం ఉంది.

రెండు పద్ధతుల గురించి మాత్రం మెత్తగా మాట్లాడలేను. ఒకటి, సెట్టు అంటుకోవడానికని పూర్వం అంగిలి మధ్య పెట్టిన రబ్బరు బిళ్ల. అది చర్మాన్ని పీల్చి పీల్చి రక్తం ఆడకుండా చేసి చివరికి అంగిలికి రంధ్రం పెట్టిన ఉదంతాలున్నాయి. ఎవరి నోట్లోనైనా అలాంటి సెట్టు ఉంటే వెంటనే మానేయాలి. రెండోది, పెట్టె పరుచుకుని అక్కడికక్కడే పళ్లు కట్టేవాళ్ల పని. పొడి, ద్రవం కలిపిన యాక్రిలిక్‌ను నోట్లోనే గట్టిపడనిచ్చి పక్క పళ్లకు తీగతో బిగిస్తారు. గట్టిపడేటప్పుడు అది వేడెక్కుతుంది, ద్రవం చిగురును కాలుస్తుంది. తీయడానికి వీల్లేని ఆ ముద్ద కింద తిండి కుళ్లి, చిగురు వాచి, మంచి పళ్లు కూడా కదిలిపోతాయి. డబ్బుల్లేని మనిషి అటు వెళ్తున్నాడంటే తప్పు ఆయనది కాదు. చవకగా సరైన సెట్టు ఎక్కడ దొరుకుతుందో ఆయనకు చెప్పేవాళ్లు లేరు.

తాడిపత్రి వాళ్లకు ఒక దారి ఉంది. గుంతకల్లు–రేణిగుంట రైలు మార్గం మీదే ఊరు ఉంది, అదే మార్గంలో కడప వస్తుంది, అక్కడ ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. దంత కళాశాలల్లో ప్రైవేటు కంటే చాలా తక్కువ ఖర్చుతో సెట్లు చేస్తారు. అయితే నాలుగైదు సార్లు వెళ్లాలి. కూలి పోగొట్టుకుని అన్నిసార్లు వెళ్లడం ముసలివాళ్లకు భారమే. పక్కనున్న కర్ణాటక ‘దంత భాగ్య’ పేరుతో పేద వృద్ధులకు ఉచితంగా సెట్లు ఇచ్చే పథకం పెట్టింది. మన రాష్ట్రంలోనూ అలాంటిది రావాలి. సెట్టు చేతిలో పెట్టి పంపించేయడంతో సరిపెట్టకుండా ఏడాదికోసారి నోరు చూసే ఏర్పాటు అందులో భాగంగా ఉండాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో బీపీ, చక్కెర పరీక్షకు వచ్చిన పెద్దవాళ్లను సెట్టు తీయమని అడిగి ఒక్క నిమిషం నోరు చూడటానికి కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు.

స్తోమత ఉన్నవాళ్లకు ఇంకో మార్గముంది. కింది దవడలో రెండు టైటానియం ఇంప్లాంట్లు దింపి వాటికి సెట్టును తగిలిస్తే ఊగడం తగ్గుతుంది, నమలడం మెరుగవుతుంది, ఆ చోట ఎముక అరుగుదల కూడా తగ్గుతుంది. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కలిసిన నిపుణులు కింది దవడకు ముందుగా ఆలోచించాల్సిన వైద్యం ఇదేనన్నారు. మన పల్లెల్లో చాలామందికి అది ఇప్పటికీ అందని ధర.

మామూలు సెట్టుతోనే నోటిని బాగా ఉంచుకోవచ్చు. తిన్న ప్రతిసారీ తీసి కడగాలి. రోజూ మెత్తటి బ్రష్‌తో, సాదా సబ్బుతో లోపలా బయటా రుద్దాలి. పళ్లపొడి, పేస్టు గీతలు పెడతాయి, ఆ గీతల్లోనే క్యాండిడా చేరుతుంది. సెట్టు చేయి జారితే పగలకుండా కింద నీళ్ల గిన్నె పెట్టుకోవాలి. మరిగే నీళ్లు పోయకూడదు, వంకర పోతుంది. రాత్రి తీసి చల్లటి నీళ్లలో ఉంచాలి, ఆరబెట్టినా ఆకారం మారుతుంది. అంగిలిని, చిగుళ్లను, నాలుకను తడి గుడ్డతో తుడవాలి. ఊగడం మొదలైతే పూర్తిగా మార్చే ముందు లోపలి వైపు కొత్త పూత వేయించుకోవచ్చు, రీలైనింగ్ అంటారు, ఖర్చు తక్కువ. ఐదారేళ్లు దాటిన సెట్టును బాగానే ఉందనిపించినా డాక్టరుకు చూపించాలి.

ఈ పుస్తకం చదువుతున్నవాళ్లలో ఎక్కువమందికి సొంత పళ్లే ఉంటాయి, ఇంట్లో సెట్టు పెట్టుకున్న పెద్దవాళ్లూ ఉంటారు. ఈ రాత్రి వాళ్లను సెట్టు తీయమని అడిగి, టార్చిలైటు వేసి అంగిలి చూడండి. సెట్టు ఆకారంలో ఎరుపు కనిపిస్తే, వాళ్లు నొప్పి లేదని ఎంత చెప్పినా సరే, ఈ వారంలోనే పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. సెట్టును కూడా వెంట తీసుకెళ్లడం మరవకండి.